రెండేళ్ళ నాలుగు నెలలు బతికిన బ్యాండ్

అరవైల నాటి బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్రీమ్ పేరు ఎత్తగానే, పాత రాక్ సంగీతం కాస్తో కూస్తో తెలిసినవాళ్ళు "ఎరిక్ క్లాప్టన్ బ్యాండే కదా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. క్లాప్టన్ మీద గౌరవం లేక కాదు. ఆయన గిటార్ వింటూనే నా చదువు రోజులు గడిచాయి. కానీ నా మటుకు క్రీమ్ అంటే ముందు జాక్ బ్రూస్. ఆ బేస్ గిటార్, ఆ గొంతు, ఆ పాటలు. ఆ తర్వాత జింజర్ బేకర్ డ్రమ్స్. కింద ఆ ఇద్దరూ అంత గట్టిగా ఉన్నారు కాబట్టే పైన క్లాప్టన్ అంత స్వేచ్ఛగా వాయించగలిగాడు. ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న ఈ మాటే ఇవాళ తీరిగ్గా చెప్పుకోవాలనిపించింది.

ఎనభైల మధ్యలో విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివేవాణ్ణి. హాస్టల్లో నా రూమ్మేట్ వాళ్ళన్నయ్యకి మర్చంట్ నేవీలో ఉద్యోగం. ఓడ దిగి ఇంటికొచ్చినప్పుడల్లా తమ్ముడికి జీన్సు ప్యాంటో, కాలిక్యులేటరో, కాసెట్లో తెచ్చేవాడు. అలా మా గదిలోకి వచ్చింది క్రీమ్ ఆల్బం 'డిస్రేలీ గేర్స్'. దాని అట్ట మీది బొమ్మ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ముగ్గురి మొహాలు, చుట్టూ పువ్వులు, రెక్కలు, కళ్ళు చెదిరే గులాబీ రంగు, నారింజ రంగు. మార్టిన్ షార్ప్ అనే ఆస్ట్రేలియా చిత్రకారుడు వేశాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అందులో ఒక పాటకి సాహిత్యం కూడా ఆయనదే. అప్పుడు మాకు అవేం తెలియవు. మెస్‌లో భోజనం చేసి వచ్చి, నేషనల్ పానాసోనిక్ టూ ఇన్ వన్‌లో కాసెట్ పెట్టి, లైటు తీసేసి పడుకునేవాళ్ళం.

మేమంతా ఇళయరాజా పాటల్లో పెరిగినవాళ్ళం. ఆయన పాటల్లో బేస్ గిటార్ ఊరికే ఒక మూల పడి ఉండదు. గాయకుడి పక్కనే తన దారిన తను ఇంకో పాట పాడుకుంటూ పోతుంది. ఆ చెవులతో విన్నందుకేనేమో, 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' మొదలవగానే నన్ను పట్టేసింది కింది స్వరాల వరసే. పది స్వరాల చిన్న ముక్క. పైకి లేచి, కిందికి జారి, మళ్ళీ మొదటికి వస్తుంది. పాటంతా దాని మీదే కట్టారు. రూమ్మేట్ గిటార్ సోలో దగ్గర వాల్యూమ్ పెంచేవాడు, నేను బేస్ బాగా వినపడాలని టోన్ బటన్ తిప్పేవాణ్ణి. ఆ విషయంలో మా ఇద్దరికీ రోజూ తగవే.

ఆ పది స్వరాలు ఎలా పుట్టాయో తర్వాత చదివాను. 1967 జనవరి 29న లండన్‌లోని సావిల్ థియేటర్‌లో అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కచేరీ జరిగింది. జాక్ బ్రూస్ అది విని, ఆ ఊపులో ఇంటికి వెళ్ళి ఈ వరస కట్టాడు. సాహిత్యం కోసం పీట్ బ్రౌన్ అనే కవితో కూర్చుంటే ఎంతకీ ఏమీ తోచలేదట. రాత్రంతా గడిచిపోయి తెల్లవారబోతుంటే, బ్రౌన్ కిటికీలోంచి చూసి కనపడిన ఆ తెల్లవారుజామునే మొదటి పాదంగా రాశాడు. నాకు ఈ కథ చాలా ఇష్టం. హెండ్రిక్స్ కోసం పుట్టిన ఈ పాట ఆఖరికి హెండ్రిక్స్ దగ్గరికే ఎలా వెళ్ళిందో తర్వాత చెబుతాను.

క్రీమ్ పుట్టుకే ఒక విచిత్రం. 1966 నాటికి క్లాప్టన్‌కి ఇరవై ఒక్కేళ్ళు. యార్డ్‌బర్డ్స్ అనే బ్యాండ్ వదిలేసి జాన్ మేయాల్ బ్యాండ్ బ్లూస్‌బ్రేకర్స్‌లో వాయిస్తున్నాడు. లండన్ గోడల మీద 'క్లాప్టనే దేవుడు' అని అభిమానులు రాస్తున్న కాలం. ఒకసారి ఆక్స్‌ఫర్డ్‌లో మేయాల్ కచేరీ అయ్యాక జింజర్ బేకర్ తన కారులో క్లాప్టన్‌ని లండన్‌కి తీసుకొస్తూ, మనం కలిసి ఒక బ్యాండ్ పెడదామా అని అడిగాడు. క్లాప్టన్ సరేనన్నాడు, కానీ బేస్ వాయించడానికి జాక్ బ్రూస్ ఉండాలని షరతు పెట్టాడు. ఆ పేరు వినగానే బేకర్ చేతిలో స్టీరింగ్ అదుపు తప్పబోయిందని క్లాప్టన్ చెప్పుకున్నాడు.

ఎందుకంటే బేకర్‌కీ బ్రూస్‌కీ అంతకుముందే పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇద్దరూ గ్రాహం బాండ్ ఆర్గనైజేషన్ అనే బృందంలో కలిసి పనిచేశారు. స్టేజీ మీదే కొట్టుకున్నారు. ఒకరి సామాను ఒకరు పాడుచేసుకున్నారు. చివరికి బేకర్ బ్రూస్‌ని బృందంలోంచి తీసేశాడు. అయినా బ్రూస్ కచేరీలకి వస్తూనే ఉంటే కత్తి చూపించి మరీ బెదిరించాడు. అలాంటి ఇద్దరు మళ్ళీ పక్కపక్కన నిలబడి వాయించడానికి ఒప్పుకున్నారు. సంగీతం విషయంలో ఒకరి విలువ ఒకరికి అంత బాగా తెలుసన్నమాట. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ఒట్టి ద్వేషమైతే 'ట్రెయిన్‌టైమ్' లాంటి పాట పుట్టదు. అందులో బ్రూస్ మౌత్ ఆర్గాన్, గొంతు, వెనకాల బేకర్ డ్రమ్స్, అంతే. రైలు బండి పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. క్లాప్టన్ ఒక్క స్వరం కూడా వాయించడు.

అసలు బ్రూస్ ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే ఆ బేస్ ఎందుకలా ఉంటుందో అర్థమవుతుంది. స్కాట్‌లాండ్‌లో గ్లాస్గో పక్కన బిషప్‌బ్రిగ్స్‌లో పుట్టాడు. గ్లాస్గో సంగీత అకాడమీలో స్కాలర్‌షిప్ మీద చెల్లో, స్వర రచన నేర్చుకున్నాడు. రాత్రిళ్ళు జాజ్ వాయిస్తున్నాడని అక్కడివాళ్ళకి నచ్చలేదు, ఆయన చదువే మానేసి వచ్చేశాడు. ముందు డబుల్ బేస్, తర్వాత ఎలక్ట్రిక్ బేస్ పట్టుకున్నాడు. చెల్లో నేర్చినవాడు కాబట్టి బేస్‌ని తాళం సాయానికి పెట్టుకునే వాయిద్యంగా చూడలేకపోయాడు. దాంతో పాడించాడు. లండన్ కుర్రాడు జింజర్ బేకర్‌కి ఫిల్ సీమన్ అనే జాజ్ డ్రమ్మర్ ఆఫ్రికా డప్పుల రికార్డులు వినిపించి తాళం మీద కళ్ళు తెరిపించాడు. రెండు కాళ్ళకీ రెండు బేస్ డ్రమ్ములు పెట్టుకుని వాయించేవాడు బేకర్. వీళ్ళిద్దరూ జాజ్ మనుషులు. క్లాప్టన్ ఒక్కడే నిఖార్సైన బ్లూస్ మనిషి, అంటే అమెరికా నల్లజాతి వాళ్ళ పాటల దారి. నేను క్రీమ్‌ని వినే పద్ధతి ఇదే: ఇద్దరు జాజ్ వాళ్ళు ఒక బ్లూస్ గిటారిస్టుని కుదురుగా నిలబడనివ్వకుండా తరుముతూ ఉంటారు.

1966 జులై 29న మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్ క్లబ్బులో తొలిసారి జనం ముందు వాయించారు. రెండు రోజులకి విండ్సర్ జాజ్, బ్లూస్ ఫెస్టివల్‌లో బ్యాండ్ అధికారికంగా మొదలైంది. మేనేజర్ రాబర్ట్ స్టిగ్‌వుడ్. ముగ్గురూ అప్పటికే తమ తమ వాయిద్యాల్లో మేటి అనిపించుకున్నవాళ్ళు, పెట్టుకున్న పేరులోనూ అదే ధీమా. అక్టోబర్ 1న లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో వాయిస్తుంటే, అమెరికా నుంచి వచ్చి ఎన్నో రోజులు కాని ఒక కుర్రాడు స్టేజీ ఎక్కి మీతో ఒక పాట వాయిస్తానన్నాడు. హౌలిన్ వుల్ఫ్ పాట 'కిల్లింగ్ ఫ్లోర్' అందుకున్నాడు. ఆ కుర్రాడే హెండ్రిక్స్. ఆ వేగం చూసి క్లాప్టన్ నిర్ఘాంతపోయాడని అక్కడున్న చాలామంది చెప్పారు. బ్యాండ్ పెట్టి మూడు నెలలు కాకముందే వాళ్ళకి ఎదురైన పరీక్ష అది.

ఆ ఏడాది డిసెంబర్‌లో మొదటి ఆల్బం 'ఫ్రెష్ క్రీమ్' వచ్చింది. మా చేతికి ఇది రెండోది. హాస్టల్లో చెయ్యి మారి చెయ్యి మారి, రికార్డు మీద రికార్డు చేసిన టీడీకే కాసెట్‌లో విన్నాం. హోరు ఎక్కువ, పాట తక్కువ. అందులో 'ఐ యామ్ సో గ్లాడ్' పాట పక్కన స్కిప్ జేమ్స్ అని రాసి ఉండేది. ఎవరీయన? అడిగితే చెప్పేవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. తెలుసుకోవడానికి ఏళ్ళు పట్టింది.

స్కిప్ జేమ్స్ మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి గాయకుడు. 1931లో విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్‌లో పారమౌంట్ కంపెనీకి ఆ పాట రికార్డు చేశాడు. అవి దారుణమైన మాంద్యం రోజులు, రికార్డులు అమ్ముడుపోలేదు. ఆయన సంగీతం పక్కన పెట్టేశాడు, లోకం ఆయన్ని మర్చిపోయింది. 1964లో కొందరు బ్లూస్ అభిమానులు వెతుక్కుంటూ వెళితే మిసిసిపీలోని ట్యునికా ఆసుపత్రిలో కనపడ్డాడు. మళ్ళీ పాడాడు, కానీ చేతికొచ్చిన డబ్బు తక్కువ, ఒంట్లో క్యాన్సర్. క్రీమ్ పాడిన తన పాటకి వచ్చిన రాయల్టీ ఆ చివరి రోజుల్లో వైద్యం ఖర్చులకి సాయపడింది. 1969లో కన్నుమూశాడు. ఆ కాలంలో ఎన్నో బ్యాండ్లు పాత నల్లజాతి గాయకుల పాటలు వాడుకుని పేరు కూడా వెయ్యలేదు. క్రీమ్ వాళ్ళు పేరు వేశారు, డబ్బు చేరింది. వాళ్ళ మీద నా అభిమానానికి ఇదొక పెద్ద కారణం. రాబర్ట్ జాన్సన్, విల్లీ డిక్సన్, ఆల్బర్ట్ కింగ్... ఈ పేర్లన్నీ నాకు క్రీమ్ కాసెట్ల అట్టల మీద నుంచే పరిచయమయ్యాయి.

'డిస్రేలీ గేర్స్' 1967 మే నెలలో న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో కొద్ది రోజుల్లోనే రికార్డయింది. ప్రొడ్యూసర్ ఫీలిక్స్ పాపలార్డి, ఇంజనీర్ టామ్ డౌడ్. జాజ్‌లోనూ సోల్‌లోనూ హేమాహేమీలని రికార్డు చేసిన డౌడ్, వీళ్ళు దింపుకున్న ఆంప్లిఫైయర్ల గుట్ట చూసి, ఆ చప్పుడు విని హడలిపోయాడట. ఆల్బం పేరు వెనక కథ సరదాగా ఉంటుంది. క్లాప్టన్ రేసింగ్ సైకిల్ కొందామనుకుంటున్నానని బేకర్‌తో చెబుతుంటే, వాళ్ళ సామాను మోసే మిక్ టర్నర్ కల్పించుకుని సైకిల్ గేర్ల పేరు తప్పు పలికాడు. డిరైల్యూర్ అనబోయి పాతకాలం బ్రిటన్ ప్రధానమంత్రి డిస్రేలీ పేరు అనేశాడు. అందరూ పడీపడీ నవ్వి ఆల్బంకి ఆ పేరే పెట్టేశారు.

అయితే ఆ స్టూడియోలో జాక్ బ్రూస్‌కి జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. రికార్డు కంపెనీ దృష్టిలో హీరో క్లాప్టన్. బ్యాండ్‌కి ముందు నిలబడి పాడాల్సింది గిటారిస్టే అన్నది వాళ్ళ లెక్క. బ్రూస్ తెచ్చిన పాటలు వాళ్ళకి రుచించలేదు. 'స్ట్రేంజ్ బ్రూ' సంగతి చూడండి. వేరే పాట కోసం బ్రూస్ వాయించిన బేస్ మీద, పాపలార్డి, ఆయన భార్య కొత్త పాట రాసి అతికించారు. కింది బేస్ పాతదే ఉండిపోయింది. బ్రూస్‌కి అది ఎప్పటికీ మింగుడు పడలేదు. చివరికి జరిగిందేమిటి? ఆ ఆల్బంలో అందరికీ గుర్తుండిపోయినది, అమెరికాలో టాప్ 5లోకి వెళ్ళినది బ్రూస్ కట్టిన 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్'. మొదట ఆ పాటని చిన్నచూపు చూసినవాళ్ళే తర్వాత దాని మీద డబ్బు లెక్కపెట్టుకున్నారు.

1967 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ హాల్లో అడుగుపెట్టడంతో బ్యాండ్ స్వభావమే మారిపోయింది. అక్కడి శ్రోతలు మూడు నిమిషాల పాటలు అడగలేదు. మీకు నచ్చినంతసేపు వాయించండి అన్నారు. వీళ్ళు పాటని ఒక సాకుగా పెట్టుకుని పావుగంట, ఇరవై నిమిషాలు సాగదీయడం మొదలుపెట్టారు. ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పదహారు నిమిషాల పైచిలుకు 'స్పూన్‌ఫుల్' కంటే నాలుగు నిమిషాల 'క్రాస్‌రోడ్స్' నాకు ఎక్కువ. మొదటి దాంట్లో అద్భుతమైన క్షణాలు ఉన్నాయి, మధ్యలో దారి వెతుక్కునే నిమిషాలూ ఉన్నాయి. రెండో దాంట్లో వృథా అన్నది లేదు.

'క్రాస్‌రోడ్స్' అసలు రాబర్ట్ జాన్సన్ పాట. 1936 నవంబర్‌లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడాడు. మరో రెండేళ్ళకే, ఇరవై ఏడేళ్ళ వయసులో చనిపోయాడు. క్లాప్టన్ ఆ పాటని పరుగులు పెట్టించి, జాన్సన్‌దే ఇంకో పాటలోని చరణం కలిపాడు. 1968 మార్చి 10న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌లాండ్‌లో వాయించినదే మనం వినేది. అది ఉన్న 'వీల్స్ ఆఫ్ ఫైర్' ఆల్బం అట్ట మీద ఫిల్మోర్ అని ఉంటుంది కానీ ఆ లైవ్ డిస్కులో ఫిల్మోర్‌లో రికార్డయినది 'టోడ్' ఒక్కటే. ఈ పాటలో రెండో సోలో వస్తున్నప్పుడు గిటార్ వదిలేసి కింద బ్రూస్ ఏం చేస్తున్నాడో వినండి. ఒకే చోట నిలబడి శ్రుతి కాపు కాయడం లేదు. క్లాప్టన్ పైకి వెళితే తను కిందికి, అతను ఆగితే తను ముందుకి. రెండు సోలోలు ఒకేసారి నడుస్తున్నాయి. బేకర్ ఆ ఇద్దరినీ ఒకరి మీద ఒకరు పడకుండా పట్టుకుని నడిపిస్తున్నాడు.

మా మామయ్య సంగతి చెప్పాలి. మా అమ్మ తమ్ముడు. విజయనగరం సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నారు. ఒకసారి సెలవులకి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టూ ఇన్ వన్ కూడా పట్టుకెళ్ళాను. ఆయన పడక్కుర్చీలో పేపర్ చదువుతుంటే నేను 'వైట్ రూమ్' పెట్టాను. ఆ పాట మొదట్లో గిటార్ ఒక ఏడుపు లాంటి స్వరంతో లేస్తుంది, కింద పెద్ద డ్రమ్ములు గంభీరంగా పడతాయి. మామయ్య పేపర్ దించారు. కుడి చెయ్యి తొడ మీద పడింది.

"ఒరే, వెనక్కి తిప్పు" అన్నారు. తిప్పాను.

"ఐదురా ఇది. తక తకిట, తక తకిట. ఖండం! ఈ ఇంగ్లీషు వాళ్ళకి ఖండం ఎవరు చెప్పార్రా?"

పాట మొదలవగానే మళ్ళీ చెయ్యి ఆగింది. "ఇదిగో, నాలుగులోకి వచ్చేశాడు. చూశావా, అతుకు కనపడలేదు. ఎవడ్రా ఈ డ్రమ్ములాయన?"

జింజర్ బేకర్ అని చెప్పాను. ఆ పేరు ఆయనకి నోరు తిరగలేదు, అవసరమూ పడలేదు. సాయంత్రం దాకా నా చేత క్రీమ్ పాటలు పెట్టించుకున్నారు. 'టోడ్'లో పదినిమిషాల పైన సాగే డ్రమ్స్ సోలో విని, "బలం ఉంది, లెక్క ఉంది. ముక్తాయింపే మనలా కట్టలేదు" అని తీర్పు ఇచ్చారు. తని ఆవర్తనం వినే చెవులకి ఆ లోటు తెలియడం సహజమే. తర్వాత నేను చదివితే తెలిసింది, 'వైట్ రూమ్' మొదట్లో ఆ ఐదు లెక్క తన ఆలోచనేనని బేకర్ జీవితాంతం చెప్పుకున్నాడు. పాట హక్కులు మాత్రం కట్టిన బ్రూస్‌కీ రాసిన పీట్ బ్రౌన్‌కీ దక్కాయి. 'సన్‌షైన్' హక్కుల్లో క్లాప్టన్ పేరు కూడా ఉంది, బేకర్ పేరు లేదు. డబ్బంతా వాళ్ళకే పోయిందన్న కోపం బేకర్‌కి చచ్చేదాకా తగ్గలేదు. మా మామయ్య ఉంటే ఆ ఐదు లెక్కకి బేకర్ తరఫున సాక్ష్యం చెప్పేవారు.

బ్యాండ్ ఎందుకు విడిపోయిందంటే ఒక కారణం చెప్పలేం. పాత పగలు ఉండనే ఉన్నాయి. 1968లో నెలల తరబడి అమెరికా అంతా తిప్పిన టూరు ముగ్గురినీ పిప్పి చేసింది. దానికి తోడు చప్పుడు. మార్షల్ ఆంప్లిఫైయర్లు గోడల్లా పేర్చుకుని ఒకరి కంటే ఒకరు ఎక్కువ వాల్యూమ్ పెట్టుకున్నారు. ఒక కచేరీలో తను వాయించడం ఆపేసి చూశాననీ, మిగతా ఇద్దరూ గమనించనే లేదనీ క్లాప్టన్ చెప్పాడు. ఆ మాట చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఒకరి మాట ఒకరు అంత బాగా విన్నవాళ్ళు, ఒకరిది ఒకరికి వినపడని స్థితికి రెండేళ్ళలో వచ్చారు. బేకర్ తన చెవులు పోవడానికి బ్రూస్ ఆంప్లిఫైయర్లే కారణమని ముసలితనంలో కూడా తిట్టేవాడు. ఇంకో పక్క, రోలింగ్ స్టోన్ పత్రికలో క్లాప్టన్ వాయింపుని దుయ్యబడుతూ ఒక సమీక్ష వచ్చింది. అదే వేసవిలో 'ది బ్యాండ్' అనే బృందం మొదటి ఆల్బం విన్నాడు. పోటీ లేకుండా, పాటకి లొంగి వాయించే వాళ్ళని చూసి ఆయన మనసు అటు మళ్ళిపోయింది.

విడిపోతున్నామని చెప్పిన ఆ వేసవిలోనే 'వీల్స్ ఆఫ్ ఫైర్' అమెరికాలో నంబర్ వన్ అయింది. డబుల్ ఆల్బంలలో ప్లాటినం అమ్మకాలు అందుకున్న మొదటిది అదే అంటారు. 1968 నవంబర్ 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఒకే రోజు రెండు కచేరీలతో సెలవు తీసుకున్నారు. ఆ రోజు వాళ్ళకి ముందు వాయించిన వాళ్ళలో రోరీ గాలఘర్ బ్యాండ్ 'టేస్ట్', అప్పుడప్పుడే మొదలైన 'యెస్' ఉన్నాయి. కొత్త సంవత్సరంలో 'గుడ్‌బై' ఆల్బం వచ్చింది. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ మారుపేరుతో వాయించిన 'బ్యాడ్జ్' అందులోదే. మంచి పాటే, కానీ దాంట్లో నాకు క్రీమ్ కంటే బీటిల్స్ ఎక్కువ వినపడుతుంది.

ఇప్పుడు హెండ్రిక్స్ సంగతి. 1969 జనవరి 4న బీబీసీలో గాయని లులు షో, లైవ్ ప్రసారం. హెండ్రిక్స్ తన హిట్ పాట 'హే జో' వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆపేశాడు. ఈ చెత్త ఆపి క్రీమ్ వాళ్ళకి ఈ పాట అంకితమిస్తున్నామని చెప్పి 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' అందుకున్నాడు. ప్రోగ్రాం టైమ్ దాటిపోతున్నా ఆపలేదు. తన కచేరీ విని పుట్టిన పాటని తను వాయించి, ఆ పాట కట్టిన బ్యాండ్‌ని సాగనంపాడు. ఒక సంగీతకారుడు ఇంకొకరికి ఇంతకంటే మర్యాద ఏం చేస్తాడు?

తర్వాత ముగ్గురూ మూడు దారులు. క్లాప్టన్, బేకర్ కొన్నాళ్ళు 'బ్లైండ్ ఫెయిత్' అనే బ్యాండ్‌లో ఉన్నారు. బేకర్ నైజీరియా వెళ్ళిపోయి లాగోస్‌లో స్టూడియో పెట్టాడు, అక్కడి సంగీతకారుడు ఫేలా కూటితో వాయించాడు. తనకి ఆఫ్రికా డప్పుల మీద మొదటి నుంచీ ఉన్న ప్రేమ అక్కడికి తీసుకెళ్ళింది. బ్రూస్ ఎన్నో ఆల్బంలు చేశాడు, ఎవరూ సరిగా పట్టించుకోలేదు.

మన తెలుగువాళ్ళకి ఇష్టమైన ఒక చుట్టరికం ఇక్కడ ఉంది. అరవైల మొదట్లో గ్రాహం బాండ్ బృందంలో బ్రూస్, బేకర్‌లతో పాటు గిటార్ వాయించినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. క్రీమ్ ఇంకా నడుస్తున్నప్పుడే, 1968లో, బ్రూస్ ఒక జాజ్ ఆల్బం రికార్డు చేస్తే దాంట్లోనూ ఆయనే గిటార్. ఆ మెక్‌లాఫ్లినే తర్వాత కర్ణాటక సంగీతం మీద ప్రేమతో ఎల్. శంకర్, విక్కు వినాయక్‌రామ్‌లతో 'శక్తి' అనే బృందం పెట్టాడు. అది మళ్ళీ 'రిమెంబర్ శక్తి'గా మొదలైనప్పుడు మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ యు. శ్రీనివాస్ ఆయన పక్కన కూర్చుని వాయించాడు. శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న పోయాడు, నలభై అయిదేళ్ళకే. ఆ బాధలో ఉండగానే అక్టోబర్ 25న జాక్ బ్రూస్ వార్త వచ్చింది. ఇద్దరినీ తీసుకెళ్ళింది లివర్ జబ్బే. ఆ ఏడాది దీపావళి వెళ్ళిన రోజులు మా ఇంట్లో చప్పగా గడిచాయి. రాత్రిళ్ళు ఒకరి తర్వాత ఒకరిని వింటూ కూర్చున్నాను.

బ్రూస్‌ని కళ్ళారా చూసే అదృష్టం మాత్రం అంతకుముందే దక్కింది. 2003లో ఆయనకి లివర్ మార్పిడి జరిగింది, బతకడం కష్టమన్నారు. కోలుకున్నాడు. 2005 మే నెలలో ముగ్గురూ మళ్ళీ రాయల్ ఆల్బర్ట్ హాల్లో నాలుగు రాత్రులు వాయించారు. అక్టోబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు. నేనప్పుడు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. నా పాత రూమ్మేట్ డాలస్ నుంచి విమానంలో వచ్చాడు. ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగితే పైనే హాలు. రైలంతా మా వయసు వాళ్ళే, మాకంటే పెద్దవాళ్ళే.

క్లాప్టన్‌కి అరవై, బ్రూస్‌కి అరవై రెండు, బేకర్‌కి అరవై ఆరు. మార్షల్ గోడలు లేవు. క్లాప్టన్ చేతిలో స్ట్రాటోకాస్టర్ గిటార్, చప్పుడు తగ్గించి వాయించారు. నాకది లాభమే అయింది, బేస్‌లో ప్రతి స్వరం విడివిడిగా వినపడింది. బ్రూస్ సన్నబడ్డాడు. గొంతు పైస్థాయికి వెళ్ళేటప్పుడు ఒక్కోసారి ఒణికింది. 'వైట్ రూమ్' ఐదు లెక్క మొదలవగానే నా చెయ్యి దానంతటదే తొడ మీద పడింది. పక్కన రూమ్మేట్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ ముగ్గురూ న్యూయార్క్‌లో మళ్ళీ పోట్లాడుకున్నారని తర్వాత చదివాం. అదే వాళ్ళ ఆఖరి కలయిక. బేకర్ 2019 అక్టోబర్ 6న వెళ్ళిపోయాడు. మరుసటి ఫిబ్రవరిలో లండన్‌లో ఆయన పేరు మీద క్లాప్టన్ ఒక కచేరీ చేశాడు.

క్రీమ్ మిగిల్చింది ఏమిటంటే, ముగ్గురు చాలు అన్న ధైర్యం. గిటార్, బేస్, డ్రమ్స్ మాత్రమే పెట్టుకుని పెద్ద హాలుని నింపిన ప్రతి రాక్ బ్యాండ్ మీదా వాళ్ళ నీడ ఉంది. ఎడీ వాన్ హేలెన్ కుర్రాడిగా ఉన్నప్పుడు క్లాప్టన్ సోలోలు స్వరం స్వరం నేర్చుకున్నానని చెప్పాడు. బ్లాక్ సబాత్ బేసిస్టు గీజర్ బట్లర్ తనకి దారి చూపింది జాక్ బ్రూస్ అన్నాడు. హెవీ మెటల్ అనే శాఖంతా ఎక్కడినుంచి మొదలైందో వెతికితే ఆ పది స్వరాల వరస ఒక మొదలు.

కొత్తగా వినాలనుకునే పిల్లలు ఈ మధ్య ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతున్నారు. నా సలహా ఇది. ముందు 'వీల్స్ ఆఫ్ ఫైర్' స్టూడియో పాటలు, అందులో 'వైట్ రూమ్', 'పొలిటీషియన్'. తర్వాత 'డిస్రేలీ గేర్స్' మొత్తం, మధ్యలో ఆపకుండా. ఆ తర్వాత స్కిప్ జేమ్స్ 1931లో పాడిన 'ఐ యామ్ సో గ్లాడ్', రాబర్ట్ జాన్సన్ 1936 నాటి పాట. అవి విన్నాకే 'క్రాస్‌రోడ్స్' పెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, అందులో బేస్ అసలు పలకదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఒకసారి క్లాప్టన్ కోసం వినండి. రెండోసారి జాక్ బ్రూస్ ఒక్కడినే వినండి.